ఆంటీకి చదివి వినిపించని పేజీ

పోయిన ఆదివారం ఫోన్లో నా ఇంటి పన్ను కాగితం గురించి చెప్తే మీరిద్దరూ నవ్వారు. పెన్షన్ వాళ్ళు కావాలంటే పన్ను ఇప్పుడు కట్టక్కర్లేదు, ప్రభుత్వం దాన్ని ఇంటి మీద అప్పుగా రాసుకుని, ఇల్లు అమ్మినప్పుడో మనిషి పోయాకో వడ్డీతో తీసుకుంటుంది అని అందులో ఉంది. "జస్ట్ డిఫర్ ఇట్, అమ్మమ్మా. వై ఆర్ యూ సో స్కేర్డ్?" అన్నాడు పెద్దాడు. నేను మాట మార్చాను. మీరు దేశానికి ఆ చివర పెర్త్‌లో, నేను ఈ చివర క్రాన్‌బర్న్‌లో. ఫోన్లో మొదలుపెడితే సగంలో మీకు క్లాసుకి టైమైపోతుంది. అందుకే రాస్తున్నాను. మీ అమ్మ చదివి చెప్తుంది.

అది మంచి పథకమే. దానివల్ల నిజంగా గట్టెక్కిన ముసలివాళ్ళు నాకు తెలుసు. నా భయం దాని గురించి కాదు.

నేను సిడ్నీలో యూనివర్సిటీకి వెళ్ళే రోజుల్లో పెండిల్ హిల్‌లో ఒక ఆంటీ, అంకుల్ ఇంట్లో ఉండేదాన్ని. తెనాలి వైపు వాళ్ళు. పిల్లలు లేరు. ఆంటీ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టీ మడతపెట్టీ ఆ ఇల్లు కొన్నది. ఇల్లు ఆమె పేరునే ఉండేది. అంకుల్ ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసి రిటైరయ్యారు. ఇద్దరికీ పెన్షన్ వచ్చేది. ఇంగ్లీషు బాగా వచ్చు. ఆంటీకి తెలుగు బైబిల్ తప్ప ఇంకేదీ చదవడం రాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, ఆ వారం వచ్చిన ఉత్తరాలన్నీ ఆంటీ నా ముందు పెట్టేది. నేను ముందు ఇంగ్లీషులో చదవాలి. తర్వాత తెలుగులో చెప్పాలి. నా వేలు ఏ వరస మీద ఉందో ఆమె చూస్తూ ఉండేది. అంకుల్ పక్కనే ఉంటే ఆయన్ని అడగొచ్చుగా అని మొదట్లో అడిగాను.

"ఆయన చదివితే ఆయనకి కావాల్సినంతే చదువుతారమ్మా," అంది ఆంటీ, ఆయన వింటుండగానే.

"మరి నీకు తెలివెక్కువ. అంతా చదివితే కోర్టుకెక్కుతావని," అన్నారు అంకుల్. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆంటీకి ఒకటే గొప్ప. ఇంటి పన్ను తనే స్వయంగా వెళ్ళి కట్టి రసీదు తెచ్చుకునేది. "నా ఇంటి మీద ఎవడికీ ఏ హక్కూ లేదు," అని చర్చిలో వాళ్ళకి చెప్పేది. ఎప్పటికైనా ఆ ఇల్లు అమ్మి, కాన్‌బెర్రాలో చెల్లెలు ఉండే వీధిలోనే చిన్న ఇల్లు కొనుక్కోవాలని ఆమె కోరిక.

నా రెండో ఏడులో ఒక శనివారం బట్టలు ఆరేస్తుంటే అంకుల్ పెరట్లోకి వచ్చారు. చేతిలో ఫారం.

"అమ్మాయ్, రేపు ఇది మీ ఆంటీ చేత సంతకం పెట్టించాలి. పెన్షన్ వాళ్ళకి పన్ను ఆపుతారంట. నేను పన్ను ఆఫీసుకెళ్ళి కనుక్కొచ్చాన్లే. రెండో పేజీ చదవమాక. అదంతా లాయర్ల గోల, కంగారుపడుద్ది."

"ఆపితే తర్వాత కట్టాలి కదా అంకుల్?"

"మనూళ్ళో శిస్తు ఏమైద్ది? తుఫానొస్తే ఆపుతారు, ఎలక్షన్లొస్తే తీసేస్తారు. గవర్నమెంటు ఎక్కడైనా గవర్నమెంటే."

మా నాన్న పొలం శిస్తు అలా ఆగడం, ఆగింది ఆఖరికి మాఫీ కావడం నా కళ్ళతో చూశాను. అందుకే నాకది నమ్మశక్యంగానే ఉంది. సోమవారం పరీక్ష కూడా ఉంది. అంకుల్ ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నారని, ఇక్కడ అలా జరగదని ఆయనకి తెలుసనీ నాకు తట్టలేదు.

మర్నాడు మొదటి పేజీ చదివాను. ఆంటీ ఎప్పట్లాగే వేలు చూస్తోంది.

"అయితే ఈ ఏడు కట్టక్కర్లేదా?"

"అక్కర్లేదు ఆంటీ."

"తర్వాతో?"

అంకుల్ వైపు చూశాను. ఆయన కమలాపండు ఒలుచుకుంటున్నారు.

"మాఫీ చేస్తారంట ఆంటీ," అన్నాను.

"దేవుడికి స్తోత్రం," అని ఆంటీ పెద్ద పెద్ద తెలుగక్షరాలతో సంతకం పెట్టింది. పన్నుకని దాచిన డబ్బు ఏం చేద్దామంటే అంకుల్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చర్చికి హాలు కట్టిస్తున్నారు, దేవుడు మిగిల్చింది దేవుడికే ఇద్దామన్నారు. పాస్టర్ గారు అందరి ముందూ అంకుల్ పేరు చదివి, ఆయన్ని కమిటీలో వేశారు. నా పక్కన కూర్చుని ఆంటీ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది. మరుసటి ఏడూ అంతే జరిగింది.

నా ఆఖరి ఏడులో ఇల్లు అమ్మాలని ఆంటీ ఏజెంటుని పిలిపించుకుంది. అమ్మకానికి లెక్కలు కావాలని అతను రాస్తే పన్ను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆదివారం అది నా ముందుకొచ్చింది. కట్టని పన్నంతా, దాని మీద వడ్డీ, అది తీరేదాకా ఇంటి మీద ప్రభుత్వానికున్న హక్కు. ఇంగ్లీషులో చదివి, కాగితం మడతపెట్టబోయాను.

"చెప్పు," అంది ఆంటీ.

చెప్పాను. "మాఫీ అన్నారుగా," అంది ఆంటీ అంకుల్‌తో.

"నేనెక్కడన్నాను?" అన్నారాయన, గ్లాసులో మజ్జిగ పోసుకుంటూ. "అమ్మాయే గదా చదివింది. యూనీలో చదివే పిల్ల, తెలిసి చెప్పుద్దనుకున్నాం."

అంత నెమ్మదిగా అన్నారు. నా మీద కోపం కూడా లేదు ఆయన గొంతులో. ఒక్క క్షణం నేనే పొరబడ్డానేమో, పెరట్లో ఆ మాటలేవీ జరగలేదేమో అనుకున్నాను.

"అంకులే చెప్పారాంటీ. రెండో పేజీ చదవొద్దన్నారు," అన్నాను ఎలాగో.

ఆంటీ అంకుల్ వైపు చూడలేదు. నన్నే చూసింది.

"ఆయన చెప్పింది వినడానికైతే నాకు నువ్వెందుకే?"

ఆ సాయంత్రం అంకుల్ నా గది గుమ్మం దగ్గరికొచ్చారు. "ఏమనుకోమాకమ్మా. నువ్వు ఈ ఏడయ్యాక ఎళ్ళిపోతావు. నేను ఇక్కడే ఉండాలి గదా," అన్నారు, నాకేదో సాయం అడుగుతున్నట్టు. ఆ తర్వాత కూడా ఆదివారాలు ఆయన చర్చిలో ముందు వరసలోనే కూర్చున్నారు. సొంత కూతురిలా చూసుకుంటున్నారని మా నాన్నకి నేను ఉత్తరాలు రాసింది ఆయన గురించే. ఈ సంగతి మాత్రం మా నాన్నకి రాయలేదు.

ఆంటీ నన్ను పొమ్మనలేదు. కూర నాకే ముందు వడ్డించేది. ఉత్తరాలు మాత్రం పక్కింటి గ్రీకు ముసలావిడ దగ్గరికి తీసుకెళ్ళేది. ఆవిడకీ ఇంగ్లీషు అంతంతమాత్రమే.

ఆ అప్పు తీర్చేదాకా ఇల్లు అమ్మనని ఏజెంటుకి చెప్పేసి, పన్ను మళ్ళీ మామూలుగా కట్టుకుంటానని రాసివ్వడానికి ఒకరోజు పన్ను ఆఫీసుకి బయల్దేరింది. "బస్సు మారాలి, తోడు రా. చదవొద్దు," అంది. కౌంటర్లో అమ్మాయి ఫారం ఇస్తే, ఆంటీ దాన్ని తిరిగి ఆమె వైపే జరిపింది.

"యూ రీడ్. ఆల్."

ఆ అమ్మాయి నన్ను చూసింది, తోడు మనిషి ఉందిగా అన్నట్టు. నేను నేల చూశాను. సరేనని ఆమె నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది. వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటున్నారు. ఆంటీ ఆ అమ్మాయి వేలు వెంట కళ్ళు తిప్పుతూ, అర్థంకాని చోటల్లా ఆపి, తన లాండ్రీ ఇంగ్లీషులో అడిగింది. రెండో పేజీలో ఒక మాట దగ్గర ఆ అమ్మాయి మూడు రకాలుగా చెప్పినా ఆంటీకి అందలేదు. దానికి తెలుగు మాట నా నోట్లోనే ఉంది. పక్కనే నిలబడి ఉన్నాను. ఆంటీ నా వైపు తిరగలేదు. "అగైన్," అంది ఆ అమ్మాయితో.