అహరోను చేతి బొమ్మ

నారాయణఖేడ్‌లో చనిపోయినవాళ్ళంతా అందగాళ్ళే. నమ్మకపోతే ఏ ఇంటికైనా వెళ్ళి గోడ మీది పటం చూడండి. ఎండలో కంది కోసి కోసి నల్లబడ్డ మనిషి అక్కడ గోధుమ రంగులో మెరుస్తుంటాడు. బోసినోటి ముసలమ్మకు పళ్ళు మొలిచి ఉంటాయి. ఇదంతా మా అహరోను పుణ్యం. ఆధార్ కార్డు మీది చిన్న ఫొటో తెచ్చిస్తే దాని మీద గళ్ళు గీసి, గుడ్డ మీద పెద్ద గళ్ళు గీసి, గడికి గడి పోల్చుకుంటూ బొమ్మ దించేవాడు. "జర తెల్లగెయ్యి", "ముడతలు తియ్యి", "మెడల గొలుసు పెట్టు" అని ఇంటివాళ్ళు అడిగేవాళ్ళు. అడిగిందల్లా వేసేవాడు. మగవాళ్ళందరికీ ఒకటే కోటు, ఆడవాళ్ళందరికీ ఒకటే పట్టుచీర. వాడి పక్క దుకాణం నాది. ఆ బొమ్మలకు చట్రాలు బిగించేది నేనే కాబట్టి ఆ కోటు గుండీలు కూడా నాకు కంఠతా వచ్చు.

ఆ రోజుల్లో వాడికి అసూయ అంటే తెలియదు. పోటీ లేనివాడు ఎవరిని చూసి ఏడుస్తాడు? బస్టాండు దగ్గర సుహాసిని దుకాణం తెరిచాకే వాడి కడుపులో మంట మొదలైంది.

సుహాసినిది సిర్గాపూర్. హైదరాబాద్‌కు కూలికి పోయిన తల్లిదండ్రుల వెంట పోయి అక్కడే బొమ్మలు నేర్చుకుంది. పటం అడిగిన ఇంటికి వెళ్ళి ముందు ఆ మనిషి గురించి కదిలించేది. కోపమొస్తే ఎలా ఉండేవాడు, ఎలా కూర్చునేవాడు అని. గుడ్డకు మొదట ఎర్రమట్టి రంగు పూసి, ముఖం మీద అక్కడక్కడ ఆ ఎరుపును అలాగే వదిలేసేది. ముడతలు తీసేది కాదు. మొదట్లో జనం గొణిగారు. తర్వాత ఆమె బొమ్మల ముందు నిలబడి ఏడవటం మొదలుపెట్టారు. ఆమె పటాలూ చట్రాలకు నా దగ్గరికే వచ్చేవి. వచ్చిపోయేవాళ్ళు కింద సంతకం చూడకుండానే "గిది సుహాసిని చేతిది గదా" అనేవాళ్ళు.

ఆ మాటే అహరోనును కాల్చుకు తిన్నది. వాడి బొమ్మ చూసి "గిది అహరోను చేతిది" అని అంతవరకు ఒక్కరూ అనలేదు. "మా నాయినే" అనేవాళ్ళు, పటం చంకన పెట్టుకుని పోయేవాళ్ళు.

"ఏముంది సంగప్పా గామె బొమ్మలల్ల? సగం రంగేసి ఇడిసిపెడ్తది. పనిదొంగ" అనేవాడు నాతో. నేను లోపలికి పోతే చాలు, ఆమె బొమ్మ మీద ముక్కు ఆనేటంత దగ్గరగా వంగి చూసేవాడు. ఒకసారి కింద ఏ రంగుందో తెలుసుకుందామని గోటితో గీకుతూ దొరికిపోయాడు. నాకు ఒళ్ళు మండి నాలుగు తిట్టాను.

కల్హేర్ రోడ్డులో ఉండే సొలొమోను చనిపోయాడు. చర్చిలో పాటలు పాడించిన పెద్దమనిషి, ఆయనను ఎరగనివాళ్ళు లేరు. సంవత్సరం నిండినప్పుడు జ్ఞాపకార్థ కూడికకు పటం వేయమని ఆయన భార్య అక్కమ్మ అహరోనుకే చెప్పింది, ఒకే చర్చివాళ్ళు కదా. అహరోను పంతం పట్టాడు. ఊరంతా చూసే బొమ్మ, చూసినవాళ్ళు తన పేరే చెప్పాలి. అందుకు ఏం చేశాడంటారా? ఎర్రమట్టి రంగు తెచ్చి గుడ్డంతా పూశాడు! కోటు తీసేశాడు, ముడతలు ఉంచాడు, బుగ్గ మీద ఎరుపు వదిలాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు.

"గిది గా పిల్ల తీరు గదరా" అన్నాను చట్రం బిగిస్తూ.

"ఎర్రరంగు ఆమె అయ్య జాగీరా?" అని నా మీదికి లేచాడు.

కూడిక రోజు షామియానా కింద జనం నిండిపోయారు. పాస్టరు ప్రార్థన చేసి పటం మీది తెల్లగుడ్డ తీశాడు. అక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిజం చెప్పొద్దూ, బొమ్మ బాగుంది. అంతలో వెనక నుంచి ఒక ముసలమ్మ గట్టిగా అంది, "సుహాసిని ఎంత మంచిగేసిందే!" పక్కవాళ్ళు తలలూపారు. ఆ మాట ఒక్కొక్క వరుసే దాటుకుంటూ ముందుకొచ్చింది.

అహరోను లేచి నిలబడ్డాడు. పాస్టరు వాక్యం చదువుతున్నాడని కూడా చూడలేదు.

"నేనేసిన! గది నేనేసిన! కింద పేరుంది, సూడుండ్రి!"

అందరూ నోళ్ళు తెరిచారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి సుహాసిని లేచింది. ఇక దొంగ అని కడిగేస్తుంది అనుకున్నాను. ఆమె తిన్నగా పటం దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపింది.

"అన్ననే ఏసిండు. చెవులు సూస్తే ఎరుకైతలేదా? తాతకు ఎడమ చెవి తమ్మె జర మడిచినట్టు ఉంటుండె. గట్ల నాకు రాదు. అన్న ఏసిన ఏ పటమన్న సూడుండ్రి, ముఖం ఎవ్వరిదైనా గానీ, చెవులు మాత్రం గా మనిషియే ఉంటయి. నేను కింద పేరు సూడ. చెవులు సూసి గుర్తువడ్త."

అక్కమ్మ వచ్చి పటంలోని ఆ చెవిని తడిమింది. "గిదే" అంటూ భోరున ఏడ్చింది.

నిజమే. ఇంటివాళ్ళు రంగు మార్చమన్నారు, ముడతలు తీయమన్నారు, పళ్ళు పెట్టమన్నారు. చెవుల సంగతి మాత్రం ఏనాడూ ఎవరూ ఎత్తలేదు. అందుకే అహరోను అక్కడ ఉన్నది ఉన్నట్టు వేస్తూ వచ్చాడు. ఇన్నేళ్ళు చట్రాలు బిగించిన నాకు అది కనపడలేదు. వేసినవాడికీ తెలియదు.

భోజనాల దగ్గర జనం వాడి చుట్టూ చేరారు. "మా అవ్వ పటంల గూడ చెవులు అచ్చం గట్లనే ఉన్నయి అహరోనూ" అని ఒకరు, ఇల్లు చేరగానే చూసుకుంటామని ఇంకొకరు. వాడు జన్మంతా కోరుకున్నది అదే. వాళ్ళు వెళ్ళాక పక్కన కూర్చుని అడిగాను.

"ఇగ సల్లవడ్డదా కడుపు?"

విస్తరిలో అన్నం కెలుకుతూ, అవతలి వరుసలో తింటున్న సుహాసిని వైపు కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూశాడు.

"ఏం సల్లవడుడు సంగప్పా! నా చెయ్యి ఎట్లుంటదో గూడ గామెకే ముందు ఎరుకాయె."