పాతరలోకి దించిన దీపం

నా చిన్నప్పుడు, దేశం ఇంకా తెల్లదొరల ఏలుబడిలో ఉండగా, మా నాయనకు కంభం రైలు స్టేషనుకు బదిలీ అయింది. కోటగోడకు దగ్గర్లో ఒక పాత ఇంట్లో అద్దెకు దిగాము. కొత్త ఊరంటే అమ్మకు దిగులు, నాయనకు పండగ. సాయంత్రమైతే నన్ను వెంటేసుకుని కూలిన బురుజులూ, చెరువుకట్టా, పాత మసీదూ అన్నీ తిప్పేవాడు. ఆయన పిచ్చి నాకూ అంటుకుంది.

మా నడిమింట్లో ఒకచోట అడుగేస్తే కింద డొల్లగా మోగేది. అమ్మ అక్కడ నన్ను తొక్కనిచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం నాయన గడ్డపారతో ఆ బండ లేపాడు. కింద మనిషి పట్టేంత నోరు. పూర్వం ధాన్యం దాచుకునే పాతర అది. పులిసిన వాసనతో చల్లటి గాలి కాళ్లకు తగిలి నా ఒళ్లు జలదరించింది. నాయన మాత్రం సంబరంగా దూలానికి మోకు కట్టి, పంచె ఎగ్గట్టాడు.

బండ చప్పుడు విని కాబోలు, పక్కింటి అవ్వ పరుగున వచ్చింది. అంతవరకూ ఆమె మా గడప తొక్కి ఎరగదు. ఎంత పిలిచినా వాకిట్లోనే నిలబడి మాట్లాడి పోయేది.

"దిగొద్దు అబ్బయ్యా. ముందు దీపం దించు" అంది.

ఆమె మాట కాదనలేక నాయన చేదలో ప్రమిద పెట్టి దించాడు. సగం దూరంలో ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించితే, సరిగ్గా అక్కడే, ఎవరో ఊదినట్టు ఆరింది.

"లోపల ఎవరున్నారవ్వా?" అని అడిగాను.

"మా అక్క" అంది అవ్వ.

మేమున్న ఆ ఇల్లు ఆమె పుట్టిల్లట. కరువు సంవత్సరం అడుగున మిగిలిన జొన్నల కోసం అక్కను దించారు. ఎప్పుడూ ముందు దీపం దించే ఇల్లే, ఆ రోజు ఆకలిలో ఎవరికీ తోచలేదు.

"నేను ఈడ్నే నిలబడి పిలిచినాను. పలకలేదు. పైకి తీసేసరికి పానం పోయింది" అంది.

నాయన మోకు విప్పేశాడు. కొన్నాళ్లు ఆ నోరు తెరిచే ఉంచి, లోపలి గాలి కదిలేలా వేపమండలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించాము. నేను అటువైపు చూడకుండా గోడవారగా నడిచేదాన్ని. తర్వాత మళ్లీ దీపం దించిన రోజు అవ్వ పాతర మీదికి వంగింది.

"అక్కా, పిల్లలు గలోడు. దిగి చూసి వచ్చేస్తాడు. పోనియ్యి" అంది మెల్లగా.

దీపం అడుగు దాకా పోయి, కదలకుండా వెలిగింది. చెడుగాలి పోయిందన్నాడు నాయన. అవ్వ పాతరకేసి చేతులెత్తి మొక్కింది. నేను ఇద్దరినీ నమ్మాను.

నాయన దిగి, గుప్పెడు నల్లబడిన జొన్నలతో పైకి వచ్చాడు. అవ్వ వాటిని రెండు చేతులా అందుకుని, కొంగున కట్టుకుని, మా ఇంట్లోనే కూలబడి ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది.

తర్వాత చాలా ఊళ్లు మారాను. ఎక్కడికి వెళ్లినా సామాను దించక ముందే పక్కింటివాళ్ల దగ్గరికి వెళ్లి, ఈ ఇంట్లో ఇంతకుముందు ఎవరుండేవారని అడుగుతాను. వాళ్లు చెప్పేదాకా లోపలి గదుల తలుపులు తీయబుద్ధి కాదు.