మూత తెరిచిన శంఖం

తాను శంఖం ఊదితే కౌతాళం కాలువ అవతల పత్తి ఏరే ఆడవాళ్లు కూడా నడుం ఎత్తి చూస్తారని శ్రీశైలమ్మ తనే చెప్పుకుంటుంది. ఏమాత్రం సిగ్గుపడదు. ఉన్న మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? దాసరి ఇంట శంఖం మగపిల్లాడి చేతికి పోవాలి. కానీ తమ్ముడు బజారి ఉన్నాడే, వాడికి శంఖం కన్నా లారీ హారన్ మీదే మోజు. ఆదోనిలో పత్తి బేళ్లు ఎత్తుకుని తమిళ దేశం మిల్లులకు తోలడమే వాడి బతుకు. అందుకని నాయన పోయాక శంఖం అక్కకు వచ్చింది. అప్పటినుంచి ఆమె ఊదనిదే ఊరి రథం కదల్లేదు.

ఆ శంఖం కాస్తా ఈ ఏడు ఉగాదికి ఇల్లు దులుపుతుంటే అటక మీది నుంచి జారి, రోటి మీద పడి నిలువునా రెండు చెక్కలైంది. మాట వెంటనే ఊరంతా పాకింది. రథం పనులు చూసే హనుమన్న ఇంటికే వచ్చాడు.

“దిగులు పడాకమ్మా. మైకు సెట్టు పిల్లోళ్ల దగ్గర శంఖం మోత ఉండాది. నొక్కితే పలుకుతాది” అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమెకు మరీ ఒళ్లు మండింది. ఒక్క ఏడు మైకు ఊదిందంటే మరుసటేడు తనను ఎవరు పిలుస్తారు?

“మైకు మీ పాటలకు పెట్టుకోండన్నా. శంఖం నేను తెస్తా, నేనే ఊత్తా” అని తేల్చి చెప్పింది.

బజారికి ఫోన్ చేసింది. వాడు తూత్తుకుడిలో దించాల్సిన బేళ్లు దించేసి, తడి గోనెసంచిలో ఒక శంఖం చుట్టుకుని వచ్చాడు. “అంగట్లోటివి డొల్లగా ఉండాయక్కా. ఇది వలలో పడింది. బరువు సూడు” అని చేతిలో పెట్టి, టీ నీళ్లు కూడా తాగకుండా ఎమ్మిగనూరు లోడుకు వెళ్లిపోయాడు.

తెల్లగా ఉంటుందనుకుంటే గోధుమరంగు తోలు కప్పుకుని ఉంది. నోటికి కొమ్ముతో చేసినట్టు గట్టి మూత. దేవుడే సీలు వేసి పంపాడనుకుంది శ్రీశైలమ్మ. కుంకుమ పెట్టి, పళ్లెంలో ఉంచి దండం పెట్టుకుంది. కళ్లు తెరిచేసరికి మూత కదిలింది.

ముందు భయపడింది. తర్వాత పళ్లెం దగ్గర చతికిలబడి కూర్చుంది. మూత నెమ్మదిగా పక్కకు జరిగింది, మట్టిరంగు కండ బయటికి పరుచుకుంది. దానికి ఉన్నది ఒకటే పాదం. మూత ఆ పాదం వెనక అతుక్కుని ఉంది. ముందు రెండు చిన్న కొమ్ములు, వాటి మొదట్లో నల్లటి చుక్కల్లాంటి కళ్లు. ఆమె దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. పాదం చేతికి అంటుకుని అడుగున అల తర్వాత అలగా కదులుతోంది. కదిలినంతమేర జిగురు. తన కన్నా బరువైన ఇంటిని వీపున వేసుకుని, బొటనవేలి నుంచి మణికట్టు దాకా సాగింది. ఇన్నాళ్లూ తాను ఊదింది ఒకరు కాపురమున్న ఇంట్లోకని ఆమెకు అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, ముద్దొచ్చింది. దాన్ని బతికించుకోవాలనిపించింది.

నీళ్ల జీవి కదా, నీళ్లు కావాలి. కుళాయి నీళ్లు పోయడానికి మనసు రాలేదు. కాలువకు పోయి ఇత్తడి బిందెతో తుంగభద్ర నీళ్లు తెచ్చింది. శంఖాన్ని కడగాలన్నా ఆ నీళ్లే, రథానికి చల్లాలన్నా ఆ నీళ్లే. అంతకు మించిన నీళ్లు ఆమెకు తెలియవు.

తెల్లారేసరికి కండ ఉబ్బి బయటికి వేలాడుతోంది. ముట్టుకున్నా మూత మూసుకోలేదు.

బజారి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. “అయ్యో అక్కా, అది ఉప్పునీళ్లలో పుట్టింది. మన నీళ్లు దానికి ఇసం గదా!”

“తుంగభద్ర నీళ్లురా!” అంది. మనిషి పోయినప్పుడు ఊదడమే తప్ప ఏడవడం అలవాటు లేని శ్రీశైలమ్మ ఆ పూట పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఏడ్చి లేచింది. దిబ్బ పక్క చీమల పుట్ట దగ్గర దాన్ని పాతిపెట్టింది. చీమలు కండంతా తినేశాక తీసి కడిగింది. ఇప్పుడు కొన కోయాలి. ఎంత కోయాలో పగిలిన పాత శంఖమే చూపించింది. లోపల నడిమధ్యన ఒక స్తంభం. దాని చుట్టూ కదురుకు నూలు చుట్టినట్టు ఒకటే గది, తిరిగి తిరిగి పెద్దదవుతూ పోయింది. పురుగు ఇల్లు మారలేదు, ఒళ్లు పెరిగేకొద్దీ గోడ పొడిగించుకుంటూ పోయింది. నాయన కోసిన చోట వేలు ఆనించి కొలుచుకుని, కొత్తదాని కొనను సానరాతి మీద అంతే అరగదీసింది.

ఊదిచూడలేదు. కొత్త శంఖం తొలి పలుకు రథానికే అని వాళ్లింటి ఆచారం.

రథం రోజు మోకులు పట్టుకుని జనం నిలబడ్డారు. శ్రీశైలమ్మ దర్జాగా ముందుకొచ్చి ఊదింది. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ఊదింది. అంతే. హనుమన్న పాపం కంగారుపడి మైకు పిల్లలకు సైగ చేశాడు. స్పీకర్లలో శంఖం హోరెత్తింది.

మోకు పట్టిన ఒక్క చెయ్యీ కదల్లేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

లోపల ఎక్కడో పుట్టమట్టి ఇరుక్కుందని ఆమెకు తెలిసిపోయింది. విదిలిస్తే రాదు. లోపలి దారి ఎటు తిరిగితే అటే తిప్పుతూ రావాలి. శంఖాన్ని చేతుల్లో ఒక్కో చుట్టే తిప్పింది. గలగలమని లోపల ఏదో దొర్లుతూ వచ్చి, నల్లమట్టి బెడ్డ ఒకటి అరచేతిలో పడింది.

పెదాలు తడుపుకుని ఊదింది. మైకు ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. రథం కదిలింది.

ఊరు తిరిగి రథం నిలిచాక, శంఖం కడగమని హనుమన్న తనే తుంగభద్ర నీళ్ల చెంబు తెచ్చి చేతికిచ్చాడు. శ్రీశైలమ్మ తీసుకోలేదు. శంఖాన్ని కొంగుతో తుడుస్తూ అంది:

“ఇంత ఉప్పు ఏసి తే అన్నా.”