కోతల నెలలో తగ్గే జ్వరం

పెర్త్‌లో నా ఉద్యోగం ఆఫ్రికా పల్లెల మలేరియా లెక్కలు చూడడం. ఏ ఊళ్ళో ఎందరికి జ్వరం తేలిందో అక్కడి ఆరోగ్య కార్యకర్తలు ఫోన్‌లో పంపుతారు. ఏళ్ళ తరబడి అది పెరుగుతోందా, తగ్గుతోందా అని నేను గీత గీస్తాను. యూనివర్సిటీ ఏసీ గదిలో కూర్చుని దోమల్ని తోలుతున్నానని మా ఆయన ఆటపట్టిస్తుంటాడు.

ఆ మధ్య ఒక ఊరి గీత బాగా కిందికి దిగింది. మా ప్రొఫెసర్ గారిది గుంటూరు, ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. గీత చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావామ్మా, ట్రెండ్ ఎంత క్లియర్‌గా ఉందో! అక్కడ టెస్టింగ్ సెంటర్ తీసేసి ఇంకో ఊరికి ఇచ్చేద్దాం. శనివారం మా ఇంట్లో బార్బీ, మాంసం కాల్చుకుని తిందాం, అందరూ రావాలి."

నేను దగ్గరగా చూశాను. తగ్గుదలంతా కోతల నెలల్లోనే ఉంది. మా ఊరు గుర్తొచ్చింది.

మాది పార్వతీపురం కొండల దగ్గర ఊరు. పంట కోతకొచ్చిందంటే అడవిపందులు పడతాయని ఇంటిల్లిపాదీ పొలంలో మంచె దగ్గరే పడుకునేవాళ్ళం. రక్తపు చుక్క తీసుకునే మలేరియా ఆయన ఊళ్ళోకొచ్చి, తలుపులకు తాళాలు చూసి, జ్వరాలు లేవనుకుని వెళ్ళిపోయేవాడు. పొలంలో మా చెల్లి దుప్పటి కింద వణికేది. ఒక ఏడాది కోతలయ్యాక చెల్లి లేకుండానే ఇంటికొచ్చాం. ఆ దిగులు నాకింకా తీరలేదు.

"సార్, కోతల టైమ్‌లో జనం ఊళ్ళో ఉంటున్నారో లేదో కనుక్కుందాం సార్."

"డేటా చెబుతోంది కదమ్మా."

నాకు ఒళ్ళు మండింది. "ఊళ్ళో లేనివాళ్ళ గురించి డేటా ఏం చెబుతుంది సార్?" అని అరిచినంత పని చేశాను. ఆయన గీతను ఇంకోసారి పెద్దది చేసి చూసి, "సరే, కాల్ చెయ్" అన్నారు.

వీడియో కాల్‌లో ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త విషయం చెప్పింది. దగ్గరి నేల సారం పోయిందట, ఇప్పుడు ఏటి అవతల సాగు చేస్తున్నారట. కోతలప్పుడు పిల్లాపాపలతో అక్కడే గుడిసెల్లో నిద్ర. సెంటర్ మూసెయ్యొద్దని, చంటిబిడ్డలున్నారని బతిమాలింది. ప్రొఫెసర్ గారు ఒప్పుకున్నారు, పాపం మంచి మనిషే. సెంటర్ తీసెయ్యలేదు. తర్వాతి కోతలకు ఆమె టెస్ట్ కిట్లూ మందులూ సంచిలో వేసుకుని ఏరు దాటింది.

ఆ నెల నా స్క్రీన్ మీద గీత రివ్వున పైకి లేచింది. పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో మా ఇంట్లో ఆ రోజు పరమాన్నం వండాను. లాప్‌టాప్‌లోకి తొంగిచూసి మా ఆయన కంగారుపడ్డాడు.

"అదేంటే, జ్వరాలు పెరిగితే స్వీట్ చేశావ్?"

"పెరగలేదండీ, దొరికాయి. వీళ్ళంతా మందు మింగి పడుకున్న పిల్లలు. మా చెల్లి ఏ గీతలోనూ లేదు."