మోకాలు లోపలే పడింది

ఈ రోజు అమెరికాలోని మా అరోరాలో తెలుగువాళ్ళ పిక్నిక్. మగవాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్‌లో, అదే చేత్తో బంతి విసిరి పట్టుకునే ఆటలో, ఒక మనిషి తక్కువైతే, పులిహోర గరిటె పక్కన పెట్టి నేను దిగాను. "వదిన ఊరికే నిలబడతారులే" అని నవ్వారు.

చివరి పాస్ నా వైపే వచ్చింది. గోల్ గీత అవతల ఉన్నాను కాబట్టి పట్టుకుంటే టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు, మా జట్టు గెలిచినట్టే. పక్క గీత దగ్గర ఎగిరి పట్టుకున్నాను. ఒక కాలు లోపల పడింది, వెంటనే మోకాలు కూడా లోపలే ఆనింది, ఆ తర్వాతే గీత బయటికి దొర్లాను. బంతి మాత్రం వదల్లేదు.

రెఫరీగా ఉన్న శేఖర్ గారు, మా ఆయన స్నేహితుడు, అడ్డంగా చేతులు ఊపారు.

"నో క్యాచ్ వదినా. టీవీలో చూడలేదా? రెండు కాళ్ళూ లోపల పడాలి."

"చూశాను కాబట్టే చెప్తున్నా. మోకాలు పడితే రెండు కాళ్ళూ పడినట్టే. ఫోన్‌లో చెక్ చేసుకోండి."

చెక్ చేశారు. ముఖం మాడిపోయింది.

"అదంతా ప్రొఫెషనల్స్‌కి వదినా. మనది జస్ట్ ఫన్ కదా, లైట్ తీసుకోండి."

నిమిషం క్రితం టీవీ రూలు చెప్పింది ఎవరండీ? మా ఆయన ఆ సమయానికి మొక్కజొన్న పొత్తులు కాల్చడంలో తలమునకలుగా ఉన్నారు.

ఆదివారాలు వీళ్ళు మ్యాచ్ చూస్తుంటే పకోడీలు అందించింది నేనే. చేతులే ప్లేట్ల మీద ఉన్నాయి, కళ్ళు కాదు.

మా పిక్నిక్‌లలో ఆడవాళ్ళు పట్టిన మొదటి టచ్‌డౌన్ ఇదే. ప్యాంట్ మోకాలి మీద గడ్డి మరక సాక్ష్యం. ఉతకను.

క్యాచా, కాదా? కాదనేవాళ్ళు వచ్చే పిక్నిక్‌కి పులిహోర మీరే కలుపుకురండి.