నలభై దాటని బండి

మా ఆయన అనంతపద్మనాభం గారి చాదస్తం తెలియనివాళ్ళు తిరువూరులో లేరు. మండలాఫీసులో గుమాస్తా. దగ్గుమందు కొన్నా సరే, డబ్బాలోని కాగితం ఈ చివరినుంచి ఆ చివరిదాకా చదివితే గాని మూత తీయరు. టీవీ కొని రెండేళ్ళయినా రిమోటుకున్న కవరు తీయనివ్వలేదు. అలాంటి మనిషి తొంభైతొమ్మిదిలో మోటారుసైకిలు కొన్నారు.

పెళ్ళయిన నాటినుంచీ నాకు ఒకటే కోరిక. ఎ.కొండూరులో మా వాళ్ళందరి ముందూ ఆయన వెనక బండి మీద దిగాలి. మా చెల్లెలు ప్రేమావతి మొగుడి స్కూటరు మీద ఊరేగుతుంటే, నేనేమో బస్సు దిగి కుచ్చిళ్ళు దులుపుకుంటూ నడిచేదాన్ని. త్వరలో అక్కడే దాని గృహప్రవేశం. "ఈసారి బండి మీద దిగుతాం, చూసుకోవే!" అని ఎస్టీడీ బూతులోంచి డప్పు కొట్టేశాను కూడా.

బండి ఇంటికొచ్చింది. బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, మల్లెపూలు పెట్టుకుని వెనక ఎక్కబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"కొత్త ఇంజను సుందరీ! వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా స్పీడు నలభై దాటకూడదు, బరువు వేయకూడదు. బండితో ఇచ్చిన పుస్తకంలో రాశారు."

"నేను బరువా?" ఒంటికాలి మీద లేచాను. "పెళ్ళాన్ని ఎక్కించుకోవద్దని ఏ పేజీలో ఉందో చూపించండి!"

"లోపల సామానంతా ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకోవాలి. ఇప్పుడు తొందరపెడితే తర్వాత పొగ కక్కుతుంది."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే కాబోలు!

బండి పూజకి నెమలి వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళాం. ఎలా వెళ్ళామనుకున్నారు? ఆయన బండి మీద, నేను కొబ్బరికాయ సంచితో బస్సులో. దారిలో మా బస్సు ఆయన్ని దాటేసింది. కండక్టరు సలావుద్దీన్ కిటికీలోంచి తొంగిచూసి, "అమ్మా, ఆ వెళ్ళేది మీ సారే కదూ? గొడవపడ్డారా ఏంటి?" అన్నాడు, బస్సంతా వినపడేలా. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక రోజూ ఆఫీసునుంచి రావడం, టీ తాగడం, బండి తీయడం. "నన్ను ఇంట్లో కూర్చోబెట్టి తమరు షికార్లా!" అని కంచం ఠంగున పెట్టేదాన్ని. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు తినేసి లేచేవారు.

గృహప్రవేశం రోజు పొద్దున్నే లేచి చూస్తే మనిషీ లేరు, బండీ లేదు. సరే, ఆ బండితోనే కాపురం చేసుకోండి అనుకుని, పట్టుచీర కట్టుకుని బస్సెక్కాను. మళ్ళీ ఆ సలావుద్దీనే. నా మొహం చూసి ఈసారి ఏమీ అడగకుండా టికెట్టు చేతిలో పెట్టాడు. అప్పుడు మాత్రం నిజంగా ఏడుపొచ్చింది. అంత గొప్పలు పోయి ఇప్పుడు చెల్లెలి ముందు ఏ మొహం పెట్టుకుని దిగను?

ఎ.కొండూరు పొలిమేరలో బస్సు టక్కున ఆగింది. రోడ్డు మధ్యలో చేతులు ఊపుతూ మా ఆయన! జుట్టు నిండా దుమ్ము, కళ్ళు చింతనిప్పులు.

"దిగు సుందరీ! వెయ్యి అయిపోయింది!"

తెల్లారకముందే లేచి, పెనుగొలను, నెమలి అన్నీ చుట్టి, మిగిలిన దూరం పూర్తిచేసి, నేను వచ్చే బస్సుకి ఎదురొచ్చారట. అదీ నలభై దాటకుండా! సాయంత్రాల షికార్లు కూడా అందుకేనట.

"బూతులో మీ చెల్లెలితో అన్నావుగా. నేను పక్కనే ఉన్నాను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"తీరా ఈ రోజుకి అందకపోతే ఇంకా బాధపడతావని."

ఈ మనిషిని ఇన్నాళ్ళూ ఎన్ని మాటలన్నాను! కళ్ళు తుడుచుకుని దిగాను. సలావుద్దీన్ రైట్ రైట్ అనడం మానేసి ఈల వేశాడు.

వెనకెక్కి ఆయన భుజం పట్టుకున్నాను. ఆయనకీ హుషారొచ్చినట్టుంది, బండి ఝామ్మని లాగించారు. ముల్లు నలభై దాటింది. అంతలోనే ప్రేమావతి వాళ్ళ వీధి వచ్చేసింది. చివర్లో పందిరి, పందిరి కింద మా చుట్టాలందరూ.

ఆయన భుజం గట్టిగా గిల్లాను.

"ఏంటండీ ఆ స్పీడు? నెమ్మదిగా పోనివ్వండి. అందరూ చూడొద్దూ!"