బుడాన్ చెక్కిన వంతెన

తూములవరం శాసనసభ నియోజకవర్గమూ మా ఊరి బుడానూ ఒకే ఏడాది పుట్టారు, 1955లో. నియోజకవర్గం 2009లో పోయింది. బుడాన్ మాత్రం మా చేను పక్కన రేకుల షెడ్డులో కూర్చుని రాయి చెక్కుతూ, దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ వాళ్ళ డబ్బులతో టీ తాగుతున్నాడు. ఈ నియోజకవర్గం చరిత్ర ఎవరైనా రాస్తారేమోనని చాలాకాలం చూశాను. ఎవరికీ పట్టలేదు. పోనీలే, బుడాన్ సంగతి చెబితే దాని సంగతీ వచ్చేస్తుంది.

బుడాన్ పని శిలాఫలకాలు చెక్కడం. మార్టూరు నుంచి నునుపు పట్టిన నల్ల గ్రానైటు పలక తెచ్చుకుని ఉలితో అక్షరాలు తీస్తాడు. ఆ అక్షరాల్లో వాళ్ళావిడ జుబేదా బంగారు రంగు నింపుతుంది. అంతకుముందు బుడాన్ నాన్నదీ ఇదే పని. అంటే మా మొదటి ఎమ్మెల్యే నుంచి చివరి ఎమ్మెల్యే దాకా అందరి పేర్లూ ఆ ఇంట్లోనే చెక్కారు. ఎన్నికలు దగ్గరపడితే ఊరూరా శంకుస్థాపనలే, బుడాన్‌కు అన్నం తినే తీరిక ఉండేది కాదు. అందుకని "గౌరవ శాసనసభ్యులు శ్రీ" అని పైన, "గారి అమృత హస్తములచే శంకుస్థాపన గావించబడినది" అని కింద ముందే చెక్కేసి, మధ్యలో జాగా వదిలి, కొన్ని పలకలు గోడకు ఆనించి ఉంచేవాడు. పేరు, పని, తేదీ ఆఖర్న.

"ఎవడు గెలిచినా చేతులు అమృత హస్తాలేగా," అనేవాడు.

మా ఒడ్డుపాలేనికీ రోడ్డుకీ మధ్య వాగు ఉంది. మిరపకాయల టిక్కీ బస్తాలైనా, పత్తి బోరేలైనా, పెళ్ళికూతురైనా ఆ వాగులో దిగి రావాల్సిందే. 1998లో వీరరాఘవయ్యగారు ఎమ్మెల్యేగా ఉండగా వంతెనకు శంకుస్థాపన రాయి వేశారు. తర్వాత గెలిచినాయన దాన్ని పీకించి తన రాయి వేయించాడు. 2004లో వీరరాఘవయ్యగారు మళ్ళీ గెలిచి, ఆ రాయి పీకించి మూడోది వేయించారు. వాగు మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా తన దారిన తాను పారుతూనే ఉంది.

ఆ వంతెన వస్తుందని ఊళ్ళో నమ్మిన మనిషి జుబేదా ఒక్కతే. "నా చేత్తో ఇంత రంగు పోశాను. రాకుండా ఎక్కడికి పోద్ది?" అనేది. 2005 వానల్లో మిరపనారు కట్ట నెత్తిన పెట్టుకుని వాగు దాటుతూ జారి, కాలు విరగ్గొట్టుకుంది. మంచం మీద మోసుకెళ్ళి మార్టూరులో కట్టు కట్టించాం. ఎముక అతికింది గానీ మనిషి తిరిగి రాలేదు. అక్కడే వాళ్ళక్క ఇంట్లో ఉండిపోయింది. తీసుకురావడానికి బుడాన్ వెళితే మొహం మీదే చెప్పేసింది.

"రాయి మీద వంతెన చూసి ఇన్నేళ్ళు నమ్మానయ్యా. ఇక వాగు మీద వంతెన చూశాకే వస్తా."

బుడాన్ పైకి నవ్వుతూ తిరిగేవాడు గానీ లోపల బాగా కుంగిపోయాడు. అన్నం మాడ్చుకునేవాడు. రంగు తనే వేయబోయి అక్షరాలు దాటించేవాడు. పక్క మండలం అధ్యక్షుడి పేరుకు మీసాలు మొలిచినట్టయి గొడవైంది కూడా.

ఇంతలో నియోజకవర్గాల పునర్విభజన వచ్చింది. తూములవరం పేరే లేకుండా పోయి, దాని మండలాలు తలా ఒక పక్కకి వెళ్ళాయి. వీరరాఘవయ్యగారు అప్పటికే కాలం చేశారు. ఇంకెవరూ పెద్దగా బాధపడలేదు. బుడాన్ అయితే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, నియోజకవర్గమే లేనప్పుడు దాని రాళ్ళు ఎవడివిరా? ట్రాక్టర్ తియ్యి."

బడి గది రాయి, నీళ్ళ టాంకు రాయి, పశువుల ఆస్పత్రి రాయి, ఎక్కడెక్కడివో పీక్కొచ్చాం. కట్టిన పనుల రాళ్ళ జోలికి పోలేదు. అవి తక్కువే కాబట్టి పెద్ద ఇబ్బంది కాలేదు. వాగులో ఇటుకల దిమ్మెలు పేర్చి, వాటి మీద పలకలు వరసగా పరిచాం. అక్షరాలు కాలికింద పడకూడదు కాబట్టి బోర్లా వేశాం. పైకి వచ్చిన గరుకు వైపు తడిలో కూడా జారదు.

జుబేదాకు కబురు పంపాడు. ఆమె ఆటోలో వచ్చి, చేతికర్రతో అవతలి గట్టున దిగింది. పలకల్ని కాసేపు చూసింది.

"ఏం రాళ్ళయ్యా ఇవి?"

బుడాన్‌కు ఆమె దగ్గర అబద్ధం రాదు. చెప్పేశాడు.

"నేను రంగేసిన పేర్లా? బోర్లా వేస్తే పేర్లు కాకుండా పోతాయా? చచ్చిపోయిన పెద్దాయన పేరు కూడా ఉంది. నేను తొక్కను," అని అదే ఆటోలో వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. బుడాన్ గట్టు మీద కూలబడ్డాడు. ఆటో కనుమరుగయ్యాక ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు.

"పరాయిది జుబేదానే తొక్కనంటే, సొంత కొడుకు తొక్కుతాడంట్రా?"

మా కొత్త నియోజకవర్గంలో గెలిచింది వీరరాఘవయ్యగారి అబ్బాయి లక్ష్మీకాంత్. ఏ మీటింగు పెట్టినా "నాన్నగారి అడుగుజాడల్లో" అనే మొదలుపెట్టేవాడు. వంతెన శంకుస్థాపనకు ఆయన మనుషులు అప్పటికే బుడాన్‌కు రాయి పురమాయించారు కూడా. ఆయన వాగు దాటి రావాల్సిందేనని, టెంటు మా గట్టున వేయించే పని బుడాన్ తనే నెత్తికెత్తుకున్నాడు. ముందురోజు సాయంత్రం అందరం వాగులో దిగి, వీరరాఘవయ్యగారి పేరున్న పలకలన్నీ ఏరి వరసగా పైకి తిప్పి పెట్టాం.

మర్నాడు కార్లు వచ్చాయి. లక్ష్మీకాంత్ మొదటి పలక మీద కాలు పెట్టబోయి, చదివి, వెనక్కి తీసుకున్నాడు. రెండో పలక చూశాడు. అదీ నాన్నగారే. ఇవతలి గట్టు దాకా నాన్నగారే, బంగారు రంగులో మెరిసిపోతూ. రాళ్ళు తిప్పేద్దామని అనుచరులు అంటుంటే, ముహూర్తం దాటిపోతోందని ఇవతల నుంచి పంతులుగారు అరుస్తున్నారు.

చర్చిలో ప్రార్థన చేయించే ముసలి రెబ్కమ్మ మా గట్టు మీద నిలబడి ఉంది. "మీ నాన్నగారేగా బాబూ, నడిచి రండి," అంది ఎంతో మర్యాదగా.

ఆయన చెప్పులు విప్పి, మొదటి పలకను తాకి కళ్ళకద్దుకుని, పంచె ఎగ్గట్టి నీళ్ళలో దిగాడు. నడివాగులో బురద కాలు పట్టుకుంది. కూర్చుండిపోయాడు, ఛాతీ దాకా. మేమెవరం నవ్వలేదు, కండువాలు నోట్లో కుక్కుకున్నాం కాబట్టి.

"సరిగ్గా అక్కడే బాబూ, మా జుబేదా కాలు విరిగింది," అంది రెబ్కమ్మ.

లక్ష్మీకాంత్ తడిసి ముద్దయి గట్టెక్కి, శిలాఫలకం ఏదన్నాడు. బుడాన్ చేతులు కట్టుకున్నాడు.

"మీ పేరు చెక్కానండి. వంతెన అన్న మాట మాత్రం చెక్కలేదు. చెక్కి చెక్కి నా ఆడమనిషిని పోగొట్టుకున్నాను. వంతెన కనపడ్డాక చెక్కుతానండి."

లక్ష్మీకాంత్ వాగులోని పలకల వైపు చూశాడు. "ఇవేవీ కట్టలేదా?"

"లేదండి."

మనిషి మరీ చెడ్డవాడు కాదు. మళ్ళీ నీళ్ళలోంచే వెళ్ళాడు. ఆ నెలలోనే మిషన్లు దిగాయి. మరుసటి వానలకు ముందే వంతెన లేచింది.

జుబేదా నడిచి వచ్చింది. మధ్యలో ఆగి చేతికర్రతో రెండుసార్లు పొడిచి చూసింది. ఇంటి ముందు పాత పలకలన్నీ పరిచి, వాటిమీద బుడాన్ మిరపకాయలు ఎండబోసి ఉన్నాడు.

"పెద్దమనుషుల మొహాన కారం కొట్టావా?"

"తొక్కలేదుగా," అన్నాడు బుడాన్.

"మరి వంతెన రాయేది?"

"షెడ్డులో ఉంది. చెక్కడం అయింది. రంగే లేదు."

ఆమె ఇంట్లోకి కూడా పోకుండా నేరుగా షెడ్డులోకి వెళ్ళి, కుంచె కడిగి, రంగు డబ్బా మూత తీసింది. పైన పెద్దక్షరాలతో ఎమ్మెల్యేగారి పేరుంది. దాన్ని దాటేసి, కింద వరసలో 'వంతెన' అన్న మాటకు ముందు రంగు వేసింది.